ఎనిమిదేళ్ల ఐసీయూ ఉద్యోగం వదిలి పిల్లల క్లినిక్‌లో చేరవచ్చునా?

ఉప్పల్_సిస్టర్ | 2026 జనవరి 11, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. నేను బీఎస్సీ నర్సింగ్ పూర్తి చేసి, 2017 సెప్టెంబరు 11న సోమాజిగూడ వైపు ఉన్న ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రిలో చేరాను. మొదటి ఏడాది జనరల్ వార్డులో వేశారు. ఆ తరువాత నుంచి నేటి వరకు మెడికల్ ఐసీయూలోనే ఉన్నాను. మొత్తం జీతం నెలకు 27,500 రూపాయలు, అందులో మూలవేతనం 14,000. పీఎఫ్ కోత ఉంది. నెలలో ఎనిమిది నుంచి పది రాత్రి డ్యూటీలు పడతాయి. రాత్రి ఎనిమిదికి వెళితే ఉదయం ఎనిమిదికి అప్పగింత మొదలై, ఛార్టులు ముగించి బయటపడేసరికి తొమ్మిది దాటుతుంది. వెంటిలేటర్ మీద ఉన్న ఒక్కో రోగికి ఒక్కో నర్సు ఉండాలని చదువుకున్నాము. మా యూనిట్‌లో రాత్రిపూట ఒక్కొక్కరికి ఇద్దరిని ఇవ్వడం మామూలైపోయింది, ఎవరైనా సెలవు పెడితే ముగ్గురు కూడా అవుతున్నారు.

మా బాబుకు నాలుగేళ్లు. వాడిని పుట్టినప్పటి నుంచి చూపిస్తున్న పిల్లల డాక్టరు గారి క్లినిక్ హబ్సిగూడలో ఉంది. ఆయన దగ్గర చాలాకాలంగా పనిచేస్తున్న నర్సమ్మ వయసు రీత్యా మానేస్తున్నారు. “మీరు వస్తానంటే వేరే వాళ్లను వెతకను” అని పోయిన వారం అడిగారు. జీతం 24,000 ఇస్తామన్నారు. రాత్రి డ్యూటీ ఉండదు, ఆదివారం సెలవు. ఉదయం తొమ్మిదిన్నర నుంచి ఒకటిన్నర వరకు, సాయంత్రం అయిదున్నర నుంచి తొమ్మిది వరకు పని. మందుల షాపు, ల్యాబు కలుపుకొని డాక్టరు గారు కాక తొమ్మిది మంది సిబ్బంది ఉన్నారు.

మా వారు చర్లపల్లిలో ఒక కంపెనీలో చేస్తున్నారు, ఇంటికి వచ్చేసరికి రాత్రి ఏడవుతుంది. మా అత్తయ్య గారికి మోకాళ్ల నొప్పులు, అయినా బాబును ఆవిడే చూసుకుంటున్నారు. చేరిపొమ్మని ఆవిడ, తొందరపడవద్దని మా వారు అంటున్నారు. ఈ దారిలో నడిచిన వారు ఎవరైనా ఉంటే తమ అనుభవం చెప్పగలరని కోరుతున్నాను.

మళ్లీ_వార్డుకు | జనవరి 12, ఉదయం 7:15

సిస్టర్, నేను నడిచాను, తిరిగి కూడా వచ్చాను, కనుక ముందుగా నేనే రాస్తున్నాను. ఆరేళ్లు సర్జికల్ వార్డులో చేసి, 2022లో కూకట్‌పల్లి వైపు ఒక చర్మవ్యాధుల క్లినిక్‌లో చేరాను. జీతం నాలుగు వేలు ఎక్కువ ఇచ్చారు. మొదటి నెల స్వర్గంలా ఉంది. రెండో నెల నుంచి, లేజరుకు వచ్చిన వారిని ఆరు సిట్టింగుల ప్యాకేజీకి ఒప్పించే బాధ్యత నాకు అప్పగించారు, మూడో నెలలో దానికి టార్గెట్ పెట్టారు. రిసెప్షన్‌లో అమ్మాయి రాకపోతే ఫోన్లు నేను తీయాలి, సాయంత్రం నగదు లెక్క నేను చెప్పాలి. ఒకనాడు ఆయా రాలేదని గది తుడవమన్నారు. పని చిన్నదని నేను బాధపడలేదు, వార్డులో అంతకంటే చాలా చేశాము. నేను నర్సునన్న సంగతి ఆ గోడల మధ్య ఎవరికీ అవసరం లేదని అర్థమైనప్పుడు మాత్రం చాలా బాధ కలిగింది. పద్నాలుగు నెలల తరువాత కొత్త ఆసుపత్రిలో ఒక మెట్టు తక్కువ జీతానికి చేరాను.

మీకు వచ్చింది పిల్లల క్లినిక్ కనుక అదే జరుగుతుందని అనను. అయితే మీ పని ఏమిటి, మీ పని కానిది ఏమిటి అన్నది చేరకముందే కాగితం మీద రాయించుకోండి. నోటిమాటగా ఎంతో మర్యాదగా చెప్పినది కూడా ఆరు నెలలకు మారిపోతుంది.

సిస్టర్_గారి_భర్త | జనవరి 12, ఉదయం 9:02

నా భార్య కూడా ఇదే వృత్తిలో ఉన్నారు. ఒక్కటే ప్రశ్న అడుగుతాను. సాయంత్రం అయిదున్నర నుంచి తొమ్మిది వరకు అంటే, మీ బాబు బడి నుంచి వచ్చి, ఆడుకొని, అన్నం తిని, నిద్రపోయే సమయమంతా మీరు క్లినిక్‌లో ఉంటారు. రాత్రి డ్యూటీ లేదన్న సంతోషంలో దీనిని గమనించారా?

ఉప్పల్_సిస్టర్ | జనవరి 12, మధ్యాహ్నం 3:30

నిజం చెప్పాలంటే ఆ కోణంలో చూడలేదు. మధ్యలో నాలుగు గంటలు ఇంటికి రావచ్చు, మెట్రోలో మూడు స్టేషన్లు దాటితే ఉప్పల్ వచ్చేస్తుంది అనుకున్నాను. కానీ ఆ నాలుగు గంటల్లో వాడు ఉండేది బడిలో. వచ్చే ఏడాది ఎల్‌కేజీ కూడా అవుతుంది.

జీతాల_గుమాస్తా | జనవరి 12, రాత్రి 8:48

నేను నర్సును కాను. పన్నెండేళ్లుగా ఆసుపత్రుల్లో జీతాలు, పీఎఫ్ వ్యవహారాలు చూస్తున్నాను, కనుక మనసుకు సంబంధించిన సంగతులు మీకు వదిలి, లెక్కల మాట నేను చెబుతాను. కొంచెం పొడవవుతుంది, ఓపిక పట్టండి.

మొదట గ్రాట్యుటీ, అంటే ఉద్యోగం వదిలేటప్పుడు చేసిన సేవకు యజమాని ఇచ్చే మొత్తం. అయిదేళ్ల నిరంతర సేవ ఎప్పుడో దాటింది కనుక మీకు హక్కు ఉంది. లెక్క ఇలా ఉంటుంది: చివరి మూలవేతనాన్ని 15తో గుణించి, 26తో భాగించి, సేవాకాలంలోని ఏళ్లతో గుణిస్తారు. 14,000 మీద ఒక్క ఏడాదికి సుమారు 8,077 రూపాయలు వస్తుంది. 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చిన కొత్త కార్మిక స్మృతుల ప్రకారం, వేతనంగా లెక్కించే మొత్తం స్థూల జీతంలో సగానికి తగ్గకుండా చూడాలి. మీ మూలవేతనం సగం కంటే కొంచెం ఎక్కువే కనుక మీ లెక్కలో తేడా రాదు. ఇక్కడ మీరు గమనించవలసింది, ఆరు నెలలకు మించిన భాగాన్ని పూర్తి ఏడాదిగా పరిగణిస్తారన్నది. మీరు చేరినది సెప్టెంబరు 11 కనుక, మార్చి 11 దాటితే తొమ్మిదేళ్లు అవుతాయి, అంతకుముందు వెళ్లిపోతే ఎనిమిదేళ్లే. అంటే 64,615కు బదులు 72,692. మీ నోటీసు కాలం ఎంత? రెండు నెలలైతే, ఈ నెలాఖరున రాజీనామా ఇచ్చినా చివరి పనిదినం మార్చి ఆఖరుకు వస్తుంది, కనుక ఆ ఏడాది మీకు కలిసివస్తుంది. కొన్ని ఆసుపత్రులు “మీకు తొందరగా ఉందేమో, ముందే పంపించేస్తాము” అని ఎంతో దయగా అంటాయి. ఆ దయ పుచ్చుకోవద్దు.

రెండవది పింఛను. పీఎఫ్‌తో పాటు నడిచే పింఛను పథకంలో పదేళ్ల సేవ ఉంటేనే 58వ ఏట నెలనెలా పింఛను వస్తుంది. అక్కడ కూడా ఆరు నెలలు, అంతకు మించిన భాగం ఏడాదిగా లెక్కకు వస్తుంది కనుక, తొమ్మిదిన్నరేళ్లకు మీకు అర్హత వచ్చినట్లే, అంటే 2027 మార్చికి. ఇరవై మంది కంటే తక్కువ సిబ్బంది ఉన్న చోట పీఎఫ్ తప్పనిసరి కాదు, మీ క్లినిక్ ఆ కోవలోనిదే. ఇది వినగానే చాలామంది “అయ్యో, ఒక్క ఏడాది ఆగితే పింఛను వచ్చేది” అని ఉద్యోగంలో ఉండిపోతారు. ఆ పింఛను ఎంతో కూడా చూడండి. సగటు వేతనం 14,000, సేవ పదేళ్లు, 70తో భాగించాలి: నెలకు రెండు వేల రూపాయలు. పాతికేళ్ల తరువాత వచ్చే రెండు వేల కోసం నేడు జీవితాన్ని అమర్చుకోవద్దని నా అభిప్రాయం. అలాగని చేతిలోని సేవాకాలాన్ని పారేసుకోవద్దు. ఫారం 10సీ పెట్టి, డబ్బు తీసుకోవడానికి బదులు స్కీమ్ సర్టిఫికెట్, అంటే మీ సేవాకాలాన్ని నమోదు చేసి ఇచ్చే పత్రం, తీసుకోండి. తరువాత ఎప్పుడైనా పీఎఫ్ ఉన్న చోట చేరితే ఈ ఎనిమిదిన్నరేళ్లు దానికి కలుస్తాయి. డాక్టరు గారు, సిబ్బందిలో ఎక్కువ మంది ఒప్పుకుంటే చిన్న సంస్థ కూడా స్వచ్ఛందంగా పీఎఫ్ పరిధిలోకి రావచ్చు, కానీ వస్తారని ఆశపడకండి.

మూడవది, అన్నిటికంటే ముఖ్యమైనది, ఎవరూ చూడనిది. తొమ్మిది మంది అన్న అంకె. ఈఎస్‌ఐకి (ఉద్యోగుల ఆరోగ్య బీమా పథకానికి), గ్రాట్యుటీకి, ప్రసూతి ప్రయోజనానికి పదిమంది అన్నది గీత. ఈఎస్‌ఐ మీ జీతానికి ఎలాగూ వర్తించదు, దాని పరిమితి 21,000. కానీ ఆ క్లినిక్‌లో ఎన్నేళ్లు చేసినా గ్రాట్యుటీ రాదు. మీరు రెండో బిడ్డను కనాలనుకుంటే 26 వారాల వేతన సెలవు చట్టబద్ధమైన హక్కుగా ఉండదు, డాక్టరు గారి మంచితనం మీద ఆధారపడుతుంది. కుటుంబానికి మీ ఆసుపత్రి ఇస్తున్న ఆరోగ్య బీమా కూడా చివరి రోజుతో ఆగిపోతుంది. కనుక జీతంలో తేడా 3,500 మాత్రమే అనుకోవద్దు. యజమాని వాటా పీఎఫ్, గ్రాట్యుటీ, బీమా కలిపి చూస్తే నెలకు ఆరు వేలకు దగ్గరగా వస్తుంది.

పాత_ఇన్‌ఛార్జి | జనవరి 13, ఉదయం 6:20

అమ్మా, నేను విజయవాడలో ముప్పై నాలుగేళ్లు ఈ వృత్తిలో ఉండి, నర్సింగ్ సూపరింటెండెంట్‌గా పదవీ విరమణ చేశాను. పైన లెక్కలు రాసిన బాబు చక్కగా రాశాడు. నేను లెక్కకు రాని ఒక విషయం చెబుతాను.

ఐసీయూలో పనిచేసే నర్సులు, తమ ధైర్యం తమదేనని అనుకుంటారు. నేను కూడా అలాగే అనుకునేదాన్ని. రాత్రి రెండు గంటలకు రోగి బీపీ పడిపోతే మనం చెయ్యి వేసేలోపు డ్యూటీ డాక్టరు వస్తాడు, పక్క బెడ్ సిస్టర్ మందు లోడ్ చేస్తుంది, క్రాష్ కార్ట్ పరుగెత్తుకొస్తుంది, టెక్నీషియన్ వెంటిలేటర్ దగ్గర నిలబడతాడు. మన ధైర్యంలో ముప్పాతిక వంతు వాళ్లది. పదవీ విరమణ తరువాత ఒక ఏడాది పాటు బంధువుల నర్సింగ్ హోములో ఉదయం పూట కూర్చున్నాను. ఒకరోజు డాక్టరు భోజనానికి వెళ్లిన సమయంలో, ఇంజెక్షన్ చేయించుకొని బయట బల్ల మీద కూర్చున్న పిల్లవాడికి ఒళ్లంతా దద్దుర్లు లేచి, పెదవులు వాచి, ఊపిరి పట్టేసింది. అడ్రినలిన్ ఎక్కడుందని అడిగితే కాంపౌండరు బీరువా చూపించాడు, తాళంచెవి డాక్టరు జేబులో ఉంది. తాళం పగలగొట్టించాను. పిల్లవాడు బతికాడు. నాకు ఆ రాత్రంతా చెయ్యి వణికింది. ఎక్మో (గుండె, ఊపిరితిత్తుల పని చేసే యంత్రం) మీద ఉన్న రోగిని చూసుకున్నప్పుడు కూడా నా చెయ్యి అలా వణకలేదు.

అందువల్ల నువ్వు వెళ్లదలచుకుంటే ముందుగా ఒక పూట ఆ క్లినిక్‌లో ఊరికే కూర్చొని చూడు. అత్యవసర మందుల ట్రే ఎక్కడుంది, దానికి తాళం ఉందా, మందుల గడువు తేదీలు ఎలా ఉన్నాయి, పిల్లలకు సరిపోయే అంబు బ్యాగు (చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి), మాస్కులు ఉన్నాయా, ఆక్సిజన్ సిలిండరు నిండి ఉందా ఖాళీగా ఉందా చూడు. టీకా వేసిన తరువాత అరగంట కూర్చోబెడుతున్నారా, బిల్లు కట్టగానే పంపేస్తున్నారా చూడు. టీకాలు పెట్టే ఫ్రిజ్ తలుపు తీసి చూడు. దానిలో పెరుగు గిన్నె కనిపిస్తే మర్యాదగా నమస్కారం పెట్టి వచ్చెయ్యి.

పిల్లల_వైద్యుడు_ఖమ్మం | జనవరి 13, రాత్రి 11:05

పెరుగు గిన్నె మాట చదివి నవ్వుకున్నాను, కొంత సిగ్గు కూడా పడ్డాను. క్లినిక్ నడిపే వాడిగా అవతలి వైపు నుంచి రెండు మాటలు చెప్పడం న్యాయమనిపించింది.

మాకు ఐసీయూ నర్సు ఎందుకు కావాలో ముందు చెబుతాను. హాల్లో నలభై మంది పిల్లలు ఉన్నప్పుడు, వారిలో ఎవరిని వెంటనే లోపలికి తీసుకురావాలో గుర్తించగలిగిన కళ్లు మాకు కావాలి. జ్వరంతో గట్టిగా ఏడుస్తున్న బిడ్డ గురించి పెద్దగా భయం లేదు. తల్లి ఒడిలో ఏడవకుండా, చూపు నిలపకుండా, డొక్కలు ఎగరేస్తూ పడుకున్న బిడ్డను చూసి టోకెన్ నంబరును పక్కన పెట్టి పరుగెత్తుకొచ్చే మనిషి విలువ నాకు తెలుసు. మీ డాక్టరు గారికి కూడా తెలిసే అడిగి ఉంటారు. కనుక మీరు బేరమాడటానికి మొహమాటపడవద్దు.

టీకాల విషయం. రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉంచాలన్నది అందరికీ తెలుసు. వేడికి పాడవుతాయన్న భయంతో ఇంటి ఫ్రిజ్‌ను బాగా చల్లగా పెట్టి, పెంటావాలెంట్, హెపటైటిస్-బి వంటివాటిని గడ్డకట్టించి పాడుచేసే క్లినిక్‌లే నేను ఎక్కువగా చూశాను. గడ్డకట్టి కరిగిన సీసా పైకి మామూలుగానే కనిపిస్తుంది. రోజుకు రెండుసార్లు ఉష్ణోగ్రత రాసే పుస్తకం ఆ క్లినిక్‌లో ఉంటే, ఆ డాక్టరు గారి తక్కిన పద్ధతులను కూడా చాలావరకు నమ్మవచ్చు. లేకపోతే, మీరు చేరిన మొదటిరోజు నుంచి ఆ పుస్తకం మీది.

ఇక పీఎఫ్, బీమా గురించి. చిన్న క్లినిక్ వాడు కార్పొరేట్ ఆసుపత్రిలా అన్నీ ఇవ్వలేడు, అది నిజం. కానీ కుటుంబ ఆరోగ్య బీమా పాలసీకి ఏడాది ప్రీమియం కట్టమని అడిగితే కాదనలేని స్థితిలోనే మాలో చాలామంది ఉన్నాము. అడగరు కనుక ఇవ్వము. వైద్యుల్లో కొందరికి ఈ మాట నచ్చదని తెలిసే రాస్తున్నాను.

కరీంనగర్_నర్సింగ్_ఆఫీసర్ | జనవరి 14, మధ్యాహ్నం 2:10

సిస్టర్, మీరు ప్రభుత్వ ఉద్యోగం గురించి ఏమీ రాయలేదు. ఆ ఆశ ఏ మూలనైనా ఉందా? ఉంటే ఈ నిర్ణయంలో అది కూడా లెక్కకు రావాలి. తెలంగాణలో 2024లో వైద్య ఆరోగ్య సేవల నియామక బోర్డు 2,050 నర్సింగ్ ఆఫీసరు పోస్టులకు ప్రకటన ఇచ్చింది; మూలవేతన స్కేలు 36,750 నుంచి మొదలవుతుంది. ఎంపికలో రాత పరీక్షకు 80 మార్కులు, రాష్ట్ర ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాంట్రాక్టు లేదా అవుట్‌సోర్సింగ్ పద్ధతిలో చేసిన సేవకు 20 మార్కులు. ప్రైవేటు అనుభవానికి, అది ఐసీయూ అయినా క్లినిక్ అయినా, సున్నాయే. అంటే ఆ పరీక్ష రాయదలచుకున్న వారికి ఆసుపత్రిలో ఉండటం వల్ల అదనంగా వచ్చేదేమీ లేదు, చదువుకోవడానికి సమయం దొరికే ఉద్యోగమే మేలు. నేను 2021లో ఒక దంతవైద్యుడి క్లినిక్‌లో మధ్యాహ్నం వేళ ఖాళీగా ఉన్నప్పుడు చదువుకొనే ఇక్కడికి వచ్చాను.

జీతం గురించి కూడా ఒక మాట. 2016 జనవరి 29న సుప్రీంకోర్టు ఆదేశించిన తరువాత కేంద్రం నియమించిన కమిటీ, 200 పడకలు దాటిన ప్రైవేటు ఆసుపత్రుల్లో నర్సులకు ప్రభుత్వ నర్సులతో సమానమైన జీతం ఇవ్వాలని, 50 పడకల లోపు ఉన్నచోట కూడా నెలకు 20,000కు తగ్గకూడదని సిఫారసు చేసింది. పదేళ్లు గడిచాయి. ఆ సిఫారసు ప్రకారం చూస్తే మీ క్లినిక్ కనీసాన్ని దాటింది, మీ పెద్ద ఆసుపత్రి దాటలేదు. మమ్మల్ని చిన్నచోటికి వెళ్లవద్దని హెచ్చరించే వారు ఈ సంగతి చెప్పరు.

దోహా_తెలుగు_నర్సు | జనవరి 14, రాత్రి 9:37

నేను గుంటూరు జిల్లా నుంచి వచ్చి ఖతర్‌లో ఏడేళ్లుగా ఉంటున్నాను. విదేశాలకు వచ్చే ఉద్దేశం కొంచెమైనా ఉంటే, క్లినిక్‌లో చేరకముందే ఆ పనులు మొదలుపెట్టండి. ఇక్కడి ఆసుపత్రుల ప్రకటనలు పడకలున్న ఆసుపత్రిలో, అదే విభాగంలో, ఇటీవలి అనుభవం అడుగుతాయి. మూడేళ్లు పిల్లల క్లినిక్‌లో ఉన్న తరువాత ఐసీయూ పోస్టుకు దరఖాస్తు పెడితే, వెనుక ఏడేళ్ల ఐసీయూ ఉన్నా వారు ముందుగా ఆ మూడేళ్లనే చూస్తారు.

ఆ ఉద్దేశం లేకపోయినా ఒక జాగ్రత్త పాటించండి. గల్ఫ్ లైసెన్సుకు డేటాఫ్లో అనే తనిఖీ ఉంటుంది. మీరు చూపించిన ప్రతి సంస్థకూ వారు స్వయంగా రాసి, ఈమె ఇక్కడ ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు పనిచేసిందా అని అడుగుతారు. నా స్నేహితురాలు ఒక క్లినిక్‌లో రెండేళ్లు చేసింది. తనిఖీ జరిగే నాటికి ఆ క్లినిక్ మూతపడింది, జవాబిచ్చే మనిషి లేక ఆ రెండేళ్లు ఆమె జీవితంలో లేనట్లే అయ్యాయి. కాబట్టి నియామక పత్రం, జీతం బ్యాంకు ద్వారా రావడం, క్లినిక్ రిజిస్ట్రేషన్ నంబరు ఉన్న లెటర్‌హెడ్ తప్పకుండా ఉండేలా చూసుకోండి. నగదు రూపంలో జీతం మాత్రం తీసుకోవద్దు. ఇప్పుడు వదిలే ఆసుపత్రి నుంచి కూడా విభాగం పేరు, తేదీలు స్పష్టంగా ఉన్న అనుభవ ధ్రువపత్రం, రిలీవింగ్ లెటర్ రెండూ చివరి రోజే తీసుకోండి. ఆ రోజు చిరునవ్వుతో ఇచ్చేవారు ఆరు నెలల తరువాత ఫోను ఎత్తరు.

మళ్లీ_వార్డుకు | జనవరి 15, ఉదయం 7:40

దోహా సిస్టర్ రాసినదానికి చిన్న అనుబంధం. చేరేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు అడిగితే చూపించండి, ఇచ్చి రాకండి. నావి ఆ చర్మం క్లినిక్‌లో ఆరు వారాలు ఇరుక్కుపోయాయి. కౌన్సిల్ రిజిస్ట్రేషన్ కాగితం కూడా అందులోనే ఉంది. దాన్ని అడగడానికి వెళ్లిన ప్రతిసారీ రిసెప్షన్‌లో గంటసేపు కూర్చోబెట్టేవారు.

ఇంకొకటి. రాతపూర్వకమైన ఆదేశం లేకుండా మందు వెయ్యవద్దు. “డాక్టరు గారు ఫోన్లో చెప్పారు, సెలైన్ పెట్టెయ్యండి” అని రిసెప్షన్ నుంచి కబురు రావడం క్లినిక్‌లలో నిత్యకృత్యం. ఏదైనా జరిగితే ఆ ఫోను ఎవరికీ గుర్తుండదు, సూది గుచ్చిన చెయ్యి ఎవరిదో మాత్రం అందరికీ గుర్తుంటుంది.

సిస్టర్_గారి_భర్త | జనవరి 15, రాత్రి 10:12

ఇన్ని జాగ్రత్తలు చదివిన తరువాత, ఉన్నచోటే ఉండటం నయమని అనిపించే ప్రమాదం ఉంది. అందుకని మా ఇంటి సంగతి కూడా చెబుతాను. నా భార్య పద్నాలుగేళ్లు రాత్రి డ్యూటీలు చేశారు. రాత్రి నుంచి వచ్చి పగలు నిద్రపట్టక, నిద్రమాత్ర వేసుకొని, మళ్లీ రాత్రికి వెళ్లేవారు. 2023లో ఒకరోజు ఉదయం స్కూటీ మీద తిరిగి వస్తూ తార్నాక దగ్గర డివైడరుకు గుద్దుకున్నారు. ఎవరూ ఢీకొట్టలేదు, నిద్ర వచ్చేసింది. భుజం ఎముక విరిగింది. ఇప్పుడు ఒక కంటి క్లినిక్‌లో జీతం తక్కువైనా పగటిపూట పనిచేస్తున్నారు. పీఎఫ్ ఎంత పోయిందో మేము లెక్క వేసుకోలేదు.

పాత_ఇన్‌ఛార్జి | జనవరి 16, ఉదయం 6:05

ఆయన చెప్పింది నిజం. ఉండిపొమ్మని నేను అనలేదు, చూసుకొని వెళ్లమన్నాను. ఇద్దరు ముగ్గురు వెంటిలేటర్ రోగులను ఒక్కదాని మీద వేసే చోట జరిగే పొరపాటుకు కూడా చివరికి బాధ్యురాలిని చేసేది నర్సునే. నా ముప్పై నాలుగేళ్లలో విచారణ కమిటీ ముందు రోస్టరు వేసిన వారిని నిలబెట్టడం నేను ఒక్కసారి కూడా చూడలేదు.

ఉప్పల్_సిస్టర్ | జనవరి 29, రాత్రి 9:55

ఇన్నాళ్లు జవాబు రాయనందుకు క్షమించండి. మధ్యలో వరుసగా నాలుగు రాత్రులు పడ్డాయి.

పాత ఇన్‌ఛార్జి మేడమ్ చెప్పినట్లు, 18వ తేదీ ఆదివారం క్లినిక్ మూసి ఉన్నప్పుడు ఒకసారి, 20న సాయంత్రం రద్దీలో ఒకసారి వెళ్లి కూర్చున్నాను. ఫ్రిజ్‌లో పెరుగు లేదు. థర్మామీటరు ఉంది, పుస్తకం కూడా ఉంది, కానీ దానిలో చివరిసారి రాసినది నవంబరులో. అత్యవసర ట్రేకు తాళం లేదు. అడ్రినలిన్ ఆంపూళ్లు నాలుగు ఉన్నాయి, నాలుగింటికీ 2025 ఆగస్టుతో గడువు అయిపోయింది. చూపించడానికి మొదట సంకోచించాను. డాక్టరు గారు వాటిని చేతిలోకి తీసుకొని, తేదీ చూసి, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత హాల్లో అంతమంది వేచి ఉండగానే షాపు కుర్రాడిని పంపి కొత్తవి తెప్పించి, నా ఎదుటే ట్రేలో పెట్టారు. “ఇది చూసేవారు లేకనే మిమ్మల్ని అడుగుతున్నాను” అన్నారు. గడువు తీరిన మందులు కనిపించినందుకు వెనక్కి తగ్గాలో, ఆయన తీరును బట్టి ముందుకు వెళ్లాలో తేల్చుకోవడానికి నాకు మరో రెండు రోజులు పట్టింది.

నేను అడిగినవి ఇవి: నియామక పత్రం, బ్యాంకు ద్వారా జీతం, నా పనుల వివరం, కుటుంబ ఆరోగ్య బీమా, రాతలో లేని ఆదేశం పాటించనన్న ఒప్పందం, వారానికి మూడు సాయంత్రాలు మాత్రమే పని. మొదటి అయిదింటికీ వెంటనే ఒప్పుకున్నారు. సాయంత్రాల దగ్గర బేరం నడిచింది, ఎందుకంటే పిల్లల క్లినిక్‌లకు రద్దీ ఉండేదే అప్పుడు. చివరికి నాలుగు సాయంత్రాలు, మిగిలిన రెండు రోజులు ఉదయం నుంచి మధ్యాహ్నం మూడున్నర వరకు టీకాల పని అని తేలింది. జీతం 25,000. ప్రసూతి సెలవు గురించి మాత్రం “అప్పటికి చూద్దాము” అన్నారు, రాసి ఇవ్వలేదు. అది మనసులో ముల్లులా ఉంది, కానీ దాని కోసం ఆగలేదు.

నిన్న, 28న, రాజీనామా ఇచ్చాను. నోటీసు రెండు నెలలు. హెచ్‌ఆర్ వారు అచ్చంగా గుమాస్తా గారు చెప్పిన మాటే అన్నారు: కావాలంటే ఫిబ్రవరి ఆఖరుకే పంపిస్తామని. వద్దు, పూర్తి నోటీసు చేస్తానని రాతపూర్వకంగా ఇచ్చాను.

మా వారు ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. సాయంత్రాలు నాలుగు రోజులు బాబుకు అన్నం పెట్టడం ఆయన నేర్చుకోవాలి, అసలు బెంగ అదేనని అత్తయ్య గారు అంటున్నారు.

జీతాల_గుమాస్తా | జనవరి 30, ఉదయం 8:20

మంచి పని చేశారు. చివరి రోజుకు ముందే మీ యూఏఎన్ (పీఎఫ్ సభ్యత్వ సంఖ్య) ఖాతాలో పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో సరిపోతున్నాయో లేదో చూసుకోండి. ఉద్యోగంలో ఉండగా ఆ సవరణ సులభం. గ్రాట్యుటీ దరఖాస్తు మీరే ఇచ్చి, అందినట్లు సంతకం తీసుకోండి. చెల్లించవలసిన నాటి నుంచి ముప్పై రోజుల్లో డబ్బు ఇవ్వాలి, ఆలస్యమైతే వడ్డీ అడగవచ్చు.

పాత_ఇన్‌ఛార్జి | జనవరి 30, మధ్యాహ్నం 12:45

అమ్మా, ఆ కొత్త ఆంపూళ్ల గడువు తేదీ ఎంత?

ఉప్పల్_సిస్టర్ | జనవరి 30, మధ్యాహ్నం 1:15

2027 మే, మేడమ్. ట్రే మూత లోపలి వైపు ప్లాస్టరు అంటించి, దాని మీద రాసే వచ్చాను.